కన్సర్వేటివ్ అంటే ఛాందసుడేనా?

సందేహం: డిగ్రీలో రాజనీతి శాస్త్రం చదువుతున్నాను. 2024 జూలై నాటి బ్రిటన్ ఎన్నికల వార్తలు కత్తిరించి దాచుకున్నాను. ఓడిపోయిన కన్సర్వేటివ్ పార్టీని ఒకచోట ‘సంప్రదాయవాద పార్టీ’ అన్నారు, ఇంకోచోట ‘మితవాద పార్టీ’ అన్నారు, మరోచోట ‘ఛాందసవాదులు’ అన్నారు. ఈ మూడూ ఒకటేనా? పరీక్షలో ఏది రాయాలి? ‘కన్సర్వేటివ్ ఎస్టిమేట్’ని ‘సంప్రదాయ అంచనా’ అనవచ్చా?

సమాధానం: మూడూ ఒకటి కావమ్మా. ఒకటి తిట్టు, ఒకటి పొరపాటు, మూడోది సగం నిజం. ఒక్కోటీ విప్పి చూద్దాం.

ముందు ఛాందసం. ఛందస్సు అంటే పద్యాల నడక ఒక్కటే కాదు, వేదమని కూడా అర్థం. పాణిని సూత్రాల్లో ‘ఛందసి’ అని కనిపిస్తే ‘వేదంలో’ అని చెప్పుకోవాలి. ఆ లెక్కన వేదం చదువుకున్నవాడు ఛాందసుడు. మొదట అది గౌరవంగా అనే మాటే. తెలుగులోకి వచ్చాక లోకం పోకడ తెలియనివాడు, పట్టిన పట్టు విడవనివాడు అనే అర్థంలోకి జారింది. అదే నోళ్లలో నలిగి చాదస్తం అయింది. ఇవాళ మన పత్రికల్లో ‘మత ఛాందసవాదులు’ అన్నామంటే మూఢపట్టుదలను నిందిస్తున్నామన్నమాట. ఒక సిద్ధాంతానికి పేరు పెట్టేటప్పుడు నింద పనికిరాదు. నచ్చకపోతే ఆ సంగతి వాక్యంలో చెప్పాలి గాని పేరులోనే తీర్పు చెప్పేస్తే చదివేవారికి ఆలోచించే చోటు మిగలదు.

‘మితవాదం’ కథ వేరు. ఆ మాట మనకు స్వాతంత్ర్యోద్యమ చరిత్రలోంచి వచ్చింది. కాంగ్రెసులో గోఖలే పక్షం మితవాదులు, తిలక్ పక్షం అతివాదులు. 1907లో సూరత్‌లో వాళ్లు చీలిపోయిన సంగతి హైస్కూలు పాఠంలోనే ఉంటుంది. అక్కడ ‘మితం’ అంటే అడిగే తీరులో నెమ్మది. కుడిపక్ష రాజకీయానికి ఈ పేరు అంటగట్టడంతో చిక్కు మొదలైంది. 1789లో ఫ్రెంచి జాతీయ సభలో రాజుకు వీటో అధికారం ఉండాలన్నవాళ్లు అధ్యక్షుడికి కుడివైపున, వద్దన్నవాళ్లు ఎడమవైపున కూర్చున్నారు. కుడి, ఎడమ అనే మాటలు రాజకీయాల్లోకి అలా వచ్చాయి. ఎడమకు ‘వామ’ ఉంది కాబట్టి మనకు వామపక్షం హాయిగా కుదిరింది. కుడికి సంస్కృతంలో ‘దక్షిణ’. కానీ తెలుగువాడికి దక్షిణమంటే ముందుగా దిక్కే గుర్తొస్తుంది. ‘దక్షిణపక్షం’ నాలుకకు ఎక్కకపోవడానికి కారణం అదేనని నా ఊహ. ఆ ఖాళీలోకి మితవాదం వచ్చి కూర్చుంది. ఫలితం ఏమిటంటే, యూరప్‌లో కుడివైపు చిట్టచివర ఉన్న పార్టీల గురించి ‘తీవ్ర మితవాదులు’ అని రాయాల్సి వస్తోంది! మితమైనది తీవ్రమెలా అవుతుంది? ‘కుడిపక్షం’, ‘తీవ్ర కుడిపక్షం’ అంటే సరిపోతుంది. అచ్చ తెలుగు మాట చేతిలో ఉండగా ఈ తిప్పలు ఎందుకు?

ఇక సంప్రదాయవాదం. అసలు చర్చ ఇక్కడే.

సం, ప్ర అనే ఉపసర్గలకు ‘దా’ ధాతువు కలిసి సంప్రదాయం అయింది. దా అంటే ఇవ్వడం. వ్యాకరణంలో మీరు చదివిన సంప్రదాన కారకం కూడా దీని తోబుట్టువే. ఒక తరం చేతుల్లోంచి మరో తరం చేతుల్లోకి అందేది సంప్రదాయం. (సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను: ‘సాంప్రదాయం’ అని దీర్ఘం పెట్టి రాయకండి. దీర్ఘం ‘సాంప్రదాయిక’లో వస్తుంది.) ఇంగ్లీషు ‘ట్రెడిషన్’ పుట్టిన లాటిన్ మాటకూ చేతికి అందించడమనే అర్థం. మన ‘దా’కు, లాటిన్‌లో ఇవ్వడమని చెప్పే ‘దారె’కు చుట్టరికం ఉంది. కాబట్టి సంప్రదాయానికి ట్రెడిషన్ అచ్చంగా అతుకుతుంది. కానీ కన్సర్వేటివ్ ఆ ఇంటి మాట కాదు. దాని మూలం లాటిన్ ‘కన్సెర్వారె’. చెడిపోకుండా కాపాడటం దాని అర్థం. అందుకోవడం ఒకటి, అందుకున్నదాన్ని నిలబెట్టుకోవడం ఒకటి. తాతలనాటి ఇల్లు వారసత్వంగా వస్తే అది సంప్రదాయం. ఆ ఇంటిని ఏం చేయాలన్న ఆలోచన దగ్గర కన్సర్వేటిజం మొదలవుతుంది.

మా తాతగారిది పెంకుటిల్లు. ఏటా తొలకరికి ముందే మనిషిని పైకి ఎక్కించి, పగిలిన పెంకులు తీయించి కొత్తవి వేయించేవారు. ఒక ఏడు పుచ్చిన వాసం మార్చారు, ఇంకో ఏడు దూలం కింద గుంజ నిలబెట్టారు. నాకు ఊహ తెలిసేసరికి ఆ కప్పులో మొదటినాటి పెంకులు ఎన్ని మిగిలాయో ఎవరూ చెప్పలేరు. అయినా ఇల్లు అదే ఇల్లు. పెంకు ముట్టుకోవద్దని పట్టుబడితే రెండు వానాకాలాలు నిలిచేది కాదు. పడగొట్టి కొత్తది కట్టేదాకా ఆరుబయట పడుకోవడానికీ ఆయన సిద్ధంగా లేరు.

ఈ సిద్ధాంతానికి ఆద్యుడని అందరూ చెప్పే బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు ఎడ్మండ్ బర్క్ కూడా ఇంటి పోలికే వాడాడు. మరమ్మతు చేసినా కట్టడం పాత తీరుకు దగ్గరగా ఉండేలా చేస్తానన్నాడు. ఫ్రెంచి విప్లవం మీద 1790లో ఆయన రాసిన పుస్తకంలోది ఆ మాట. మార్పుకు దారి లేని రాజ్యానికి తనను తాను కాపాడుకునే దారి కూడా ఉండదని అదే పుస్తకంలో రాశాడు. ఇది ఛాందసుడి మాటేనా? సమాజం అంటే బతికున్నవాళ్లకు మాత్రమే సంబంధించిన ఒప్పందం కాదనీ, పోయినవాళ్లూ పుట్టబోయేవాళ్లూ అందులో భాగస్వాములేననీ ఆయన నమ్మకం. ఒక మనిషి బుర్ర చిన్నది, తరాల అనుభవం పెద్దది. అందుకని కాగితం మీద గీసుకున్న పథకంతో సమాజాన్ని మొదటినుంచీ కట్టేస్తామంటే భయపడ్డాడు. ఆ గందరగోళంలోంచి సైన్యాన్ని చేతిలో పెట్టుకున్న సేనాని ఒకడు యజమాని అవుతాడని ముందే రాశాడు. 1799లో నెపోలియన్ వచ్చాడు. ఇదే బర్క్ అమెరికా వలసల ఫిర్యాదులను సమర్థించాడు, మన దేశంలో చేసిన అక్రమాలకు గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్‌ను బ్రిటిష్ పార్లమెంటు బోనులో నిలబెట్టాడు. ఇవేవీ పాతను పట్టుకు వేలాడేవాడి పనులు కావు.

బర్క్ తనను కన్సర్వేటివ్ అనుకోలేదు. ఆయన టోరీలకు ఎదుటి పక్షమైన విగ్ పార్టీ మనిషి, పైగా రాజకీయాల్లో ఆ మాట అప్పటికి పుట్టలేదు. 1818లో ఫ్రెంచి రచయిత షాటోబ్రియాన్ పారిస్‌లో ఆ పేరుతో ఒక పత్రిక పెట్టాక దానికి రాజకీయ అర్థం నిలబడింది. 1830లలో బ్రిటన్ టోరీలు దాన్ని తమ పేరు చేసుకున్నారు. 1834 డిసెంబరులో వాళ్ల నాయకుడు, ప్రధాని రాబర్ట్ పీల్ తన నియోజకవర్గం టామ్‌వర్త్ ఓటర్లకు ఒక ప్రకటన రాశాడు: 1832 నాటి ఓటుహక్కు సంస్కరణను ఇక తిరగదోడం, రుజువైన లోపాలను సరిదిద్దుతాం, స్థిరపడిన హక్కులను కాపాడతాం అని. కాపాడటమూ సరిదిద్దడమూ ఒకే ప్రకటనలో చెప్పుకున్నారు చూడండి. 1867లో మరింతమంది పట్టణ కార్మికులకు ఓటు ఇచ్చిన చట్టం తెచ్చింది కూడా కన్సర్వేటివ్ ప్రభుత్వమే. సభలో దాన్ని నడిపించినవాడు డిజ్రేలీ.

ఫ్రెంచిలో రాసిన జోసెఫ్ ద మేస్త్ర్ లాంటివాళ్లు వేరే దారి పట్టారు. సింహాసనం, చర్చి తిరిగి పూర్వపు స్థానానికి రావాలన్నారు. ఉన్నదాన్ని కాపాడటం వేరు, పోయినదాన్ని వెనక్కి తేవడం వేరు. ఈ రెండోదానికి తెలుగులో ‘తిరోగమనవాదం’ ఉంది, అక్కడే వాడాలి. మన వామపక్ష సాహిత్యంలో ‘అభివృద్ధి నిరోధకులు’ అన్న ముద్ర ఇద్దరికీ కలిపి వేసేవారు. 1959లో రాజాజీ స్వతంత్ర పార్టీ పెట్టినప్పుడు దానికీ ఆ ముద్ర పడింది. దానికి అధ్యక్షుడు మన నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా. జమీందారీకి ఎదురుగా రైతులను కూడగట్టిన మనిషి ఆయన. నాగపూర్ కాంగ్రెస్ సహకార వ్యవసాయం తీర్మానం చేసినప్పుడు రైతు చేతిలోని భూమి రైతుకే ఉండాలని బయటికి వచ్చేశారు. జమీందారీ దగ్గర మార్పు కోరిన ఆయనే రైతు కమతం దగ్గర కాపలా కాశారు. అందుకే ఈ మాటను మనిషి మొత్తానికి తగిలించకూడదు, ఏ విషయంలో అన్నది చెప్పి వాడాలి.

‘సంప్రదాయవాదం’ సగం నిజం అన్నది ఇందుకే. 2011లో బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్ స్వలింగ వివాహాల గురించి పార్టీ మహాసభలో మాట్లాడుతూ, కన్సర్వేటివ్ అయి ఉండి కూడా కాదు, కన్సర్వేటివ్‌ను కాబట్టే సమర్థిస్తున్నానన్నారు. ఒకరికొకరు కట్టుబడి ఉండటం మంచిదన్నది ఆయన వాదం. ఆయన పార్టీలోనే చాలామంది సభ్యులు దాన్ని వ్యతిరేకించారు. ఆ వాక్యాన్ని ‘సంప్రదాయవాదిని కాబట్టే’ అని తెలుగు చేస్తే మన పాఠకుడు అచ్చుతప్పు అనుకుంటాడు. మన మనసులో సంప్రదాయమంటే పంచె, పట్టుచీర, పెళ్లి తంతు. 1979 తర్వాత కన్సర్వేటివ్ ప్రధాని మార్గరెట్ థాచర్ ప్రభుత్వ సంస్థలను అమ్మి, మార్కెట్‌కు తలుపులు బార్లా తెరిచినప్పుడు ‘సంప్రదాయవాదం’ అన్న మాట ఇంకా అతకకుండా పోయింది. ఆమె ఎంతో గౌరవించిన ఆర్థికవేత్త హాయెక్, తాను కన్సర్వేటివ్‌ను ఎందుకు కానో 1960లోనే ఒక వ్యాసం రాసి ఉన్నాడు.

‘అలవాటు’కూ ‘ఆలోచన’కూ ఉన్న ఈ తేడాను సామాజికవేత్త కార్ల్ మన్‌హైమ్ 1920లలోనే పట్టుకున్నాడు. పాతదే బాగుందనుకోవడం ఎక్కడైనా ఉండే మానవ స్వభావం, కన్సర్వేటిజం మాత్రం చరిత్రలో ఒక ఘట్టం తర్వాత తెలిసి కట్టుకున్న సిద్ధాంతం అన్నాడు. తెలుగులో మొదటిదాన్ని సంప్రదాయ ధోరణి అందాం. రెండోదానికి నాకు నచ్చే మాట ‘పరిరక్షణవాదం’. అడవులకూ కట్టడాలకూ పరిరక్షణ అంటున్నాం కదా, అర్థం నేరుగా తగులుతుంది.

పరీక్షలో ఇలా రాయండి. పార్టీ పేరును అనువదించవద్దు, కన్సర్వేటివ్ పార్టీ అనే ఉంచండి. సిద్ధాంతం పేరుగా పాఠ్యపుస్తకాల్లో సంప్రదాయవాదం స్థిరపడింది కాబట్టి మార్కులు పోకుండా దాన్నే శీర్షికగా పెట్టి, మొదటి వాక్యంలోనే ‘అంటే పరిరక్షణవాదం’ అని చేర్చండి. చివరి ప్రశ్న: ‘సంప్రదాయ అంచనా’ తప్పు. ఆ ఇంగ్లీషు మాటకు అక్కడ అర్థం జాగ్రత్త. ‘తక్కువలో తక్కువ లెక్కేసినా వెయ్యిమంది వచ్చారు’ అంటే చాలు. డాక్టర్లు చెప్పే కన్సర్వేటివ్ ట్రీట్‌మెంట్ కూడా సంప్రదాయ వైద్యం కాదు, ఆపరేషన్ లేకుండా మందులతో, విశ్రాంతితో నయం చేసే పద్ధతి. అక్కడ ‘సంప్రదాయ వైద్యం’ అని రాస్తే రోగి నాటుమందు కోసం బయలుదేరతాడు.