డిస్కులు కొనేముందు హబ్ చూడు

చిన్నా,

మావయ్య ఆశీస్సులు. కారు ముందు చక్రాల బ్రేకు డిస్కులు, ప్యాడ్లు ఇంటి దగ్గర నువ్వే మార్చుకున్నావని తెలిసి సంబరపడ్డాను. రెండు నెలలు బాగానే నడిచి, మొన్న పంతంగి టోల్‌గేటు దగ్గర బ్రేకు వేస్తే స్టీరింగ్ గజగజలాడిందన్నావు. ఆ 'రెండు నెలలు' దగ్గరే నాకు అనుమానం వచ్చింది.

ముందు ఖాళీ రోడ్డు మీద 80, 90లో పోనిచ్చి చూడు. బ్రేకు ముట్టుకోకుండానే వణికితే చాలావరకు అది వీల్ బ్యాలెన్సింగ్ గొడవ. (అలైన్‌మెంట్ చేయిస్తే పోతుందంటారు, నమ్మకు. అది బండి పక్కకు లాగితే చేసే వైద్యం.) బ్రేకు వేసినప్పుడే చేతుల్లో వణికితే ముందు చక్రాల డిస్కులు. సీటు కింద తెలిస్తే వెనక చక్రాలు.

డిస్కులైతే "వంగిపోయాయి, మార్చెయ్" అంటారు షెడ్డులో. బెజవాడ ఆటోనగర్‌లో నేనూ ఏళ్ల తరబడి అదే అన్నాను. ఒకాయన కారుకి రెండుసార్లు కొత్తవి వేశాను. మూడోసారీ వచ్చేసరికి ఆయన మొహం చూడలేక హబ్ (డిస్కు, చక్రం కూర్చుని తిరిగే భాగం) తడిమితే, ఆవగింజంత తుప్పు పెచ్చు తగిలింది. డబ్బులు నావే పోయాయి.

హబ్ మీద వెంట్రుకంత ఎత్తు ఉన్నా డిస్కు వంకరగా కూర్చుంటుంది. అంచుకొచ్చేసరికి ఆ తేడా ఇంకా పెరుగుతుంది. బ్రేకు వెయ్యకపోయినా ఎత్తుగా ఉన్నచోట ప్యాడు తిరిగినప్పుడల్లా రాసుకుంటుంది. అలా నెలల తరబడి అరిగి, డిస్కు ఒకచోట పల్చన, ఒకచోట మందం. వంగడం కాదురా, అరుగుదలలో తేడా. అందుకే కొత్తలో ఏమీ తెలియదు.

చక్రం విప్పు. జాకీ ఒక్కదాన్నే నమ్మకు, స్టాండు పెట్టు. డిస్కు తీసి హబ్‌ని వైర్ బ్రష్‌తో, ఎమెరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్దు. నట్ల బోల్టుల మొదళ్ల చుట్టూ కూడా, తుప్పు దాక్కునేది అక్కడే. డిస్కు లోపలి ముఖం కూడా తుడువు. లేత్ షాపులో మైక్రోమీటర్‌తో చుట్టూ ఎనిమిది చోట్ల మందం కొలిపించు. తేడా 0.02 మిల్లీమీటర్లు దాటితే చేతికి తెలిసిపోతుంది. అప్పుడు హబ్ తుడిస్తే సరిపోదు, డిస్కు సానబట్టించాలి. దాని మీదే కనీస మందం అచ్చువేసి ఉంటుంది, అంతకు తగ్గేలా ఉంటే మాత్రం కొత్తది. ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్ ఉంటుందే, దాని పిన్నులు వేళ్లతో జారుతున్నాయా చూడు. బిగుసుకుంటే ప్యాడు వదలదు, ఆ చక్రమే కాలిపోతుంది.

బిగించేటప్పుడు నట్లు ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో, చివర టార్క్ రెంచ్‌తో (బిగింపు కొలిచి చెప్పే స్పానర్). ఎంతకన్నది మాన్యువల్‌లో ఉంటుంది. కాలితో స్పానర్ తొక్కి బిగిస్తే డిస్కు మళ్లీ వంకరే. కాలిపర్‌లో ప్యాడుని తోసే పిస్టన్ వెనక్కి నొక్కావంటే, బండి కదిల్చేముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కు. ఇది మర్చిపోతే మొదటి బ్రేకు పడదు.

తర్వాత బండి నడుపుతూ, బ్రేకు వేసి స్పీడు 60 నుంచి 20కి మెల్లగా ఎనిమిది పదిసార్లు తగ్గించు, పూర్తిగా ఆపకుండా. వేడిగా ఉన్నప్పుడు పెడల్ తొక్కిపట్టి నిలబడకు.

మైక్రోమీటర్ రీడింగులు కాగితం మీద రాసి ఫొటో పంపు. కొత్త డిస్కుల సంగతి ఆ తర్వాత చూద్దాం.

మావయ్య