ఆరుబయట పెళ్ళి, చలిగాలి: పట్టుచీర కింద ఏం వేసుకోవాలి?

సంక్రాంతికి శ్రీకాకుళం వచ్చాను. గుజరాతీపేటలో పిన్నిగారింటికి వెళ్తే హాలు నిండా సూట్‌కేసులే. వాళ్ళమ్మాయి స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో చదువుకుని అక్కడే ఉద్యోగంలో చేరింది. ఏప్రిల్ చివర్లో పెళ్ళి. ఎడిన్‌బరో దగ్గర ఒక పాత బంగళా తోటలో, ఆరుబయట. ఇక్కడినుంచి పద్నాలుగు మంది వెళ్తున్నారు. స్వెట్టర్లు ఎక్కడని నేనడగగానే పిన్ని, "ఏటమ్మా, వైశాఖం పెళ్ళికి స్వెట్టరేటి?" అంది.

ఆవిడ అడిగిందాంట్లో తప్పేం లేదు. ఇక్కడ ఆ రోజుల్లో పెళ్ళంటే కూలర్లు, మజ్జిగ, చెమటకి తడిసిన జాకెట్లు. అక్కడ ఏప్రిల్లో పగటి ఉష్ణోగ్రత సగటున 12 డిగ్రీల దగ్గర ఉంటుంది, రాత్రికి 4కి దిగుతుంది. స్కాట్లాండ్‌లో పద్దెనిమిదేళ్ళుగా ఉంటున్నాను. ఈ పిల్లలాగే కొత్తగా వచ్చి, తోటలో పెళ్ళి పెట్టుకుని, ఊరినుంచి పెద్దవాళ్ళని రప్పించుకునేవాళ్ళు ఏటేటా పెరుగుతున్నారు. పిన్నికి చెప్పినవే మీ అందరికీ రాస్తున్నాను.

మా మరిది పెళ్ళి కూడా అక్కడ తోటలోనే, మే నెలలో జరిగింది. పొద్దున ఎండ కాసింది. అందరూ కోట్లు కార్లలో వదిలేశారు. జీలకర్ర బెల్లం వేళకి మబ్బు పట్టి, పావుగంటలో వడగళ్ళు పడ్డాయి, వెంటనే మళ్ళీ ఎండ. మా అత్తయ్య నూలు లంగా, చీర అంచు మోకాళ్ళదాకా తడిసిపోయాయి. ఆవిడ పీటల మీంచి లేవలేదు, ఎవరికీ చెప్పలేదు. పెళ్ళికి అడ్డు రాకూడదని పళ్ళు బిగబట్టి గంటన్నర కూర్చుంది. చేతులు పట్టుకుని చూస్తే మంచుగడ్డల్లా ఉన్నాయి. ఆ రాత్రే జ్వరం, వారం రోజులు మంచం దిగలేదు. అక్కడ కాపురం ఉన్నది నేను, అక్కడి వాతావరణం తెలిసిందీ నేనే. ముందే చెప్పి ఉండాల్సింది. అందుకే ఇప్పుడు అడిగినా అడగకపోయినా చెప్తున్నాను.

ఫోన్‌లో 12 డిగ్రీలని చూసి "అరకులో ఇంతకంటే చలి చూశాం" అనుకోకండి. అరకు వెళ్ళినప్పుడు నడుస్తాం, టీ తాగుతాం, మంట దగ్గర కూర్చుంటాం. పెళ్ళిలో కదలకుండా కూర్చుంటాం. పైగా అక్కడ గాలి ఎక్కువ. 10 డిగ్రీలున్నా గాలి గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వీస్తే ఒంటికి 6 డిగ్రీల్లా తగులుతుంది. దానికి తడి తోడైతే ఇక చెప్పక్కర్లేదు. మన వైపు గాలివాన ముందే కబురు పెట్టి వస్తుంది. కళింగపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారు, టీవీలో రెండు రోజులు అదే చెప్తారు. స్కాట్లాండ్ వాన అలా కాదు, ఒక్క పూటలో నాలుగుసార్లు వచ్చిపోతుంది. అక్కడి వాతావరణ శాఖ మెట్ ఆఫీస్ యాప్‌లో గంటగంటకీ వివరాలుంటాయి. అందులో సూర్యుడి బొమ్మ ఒక్కటే చూసి ఊరుకోకండి. గాలి ఎంత, ఒంటికి ఎంత చలిగా అనిపిస్తుంది అన్న అంకెలు చూడండి.

ఇప్పుడు బట్టల సంగతి. వెచ్చదనం లోపల ఉండాలి, అందం పైన ఉండాలి. పట్టుచీర మార్చక్కర్లేదు. దాని కింద నూలు లంగా ఒక్కటే కట్టుకోవడం మాత్రం మానండి. నూలు తడిని పీల్చి వదలదు. తడిసిన ఉన్ని కూడా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది, నూలుకి ఆ గుణం లేదు. కాబట్టి ముందు ఉన్ని థర్మల్ లెగ్గింగ్స్ (థర్మల్స్ అంటే చలికి ఒంటికి అంటుకునేలా లోపల వేసుకునే బట్టలు), దాని మీద లంగా. మెరినో అనే గొర్రెల సన్నటి ఉన్నివి పల్చగా ఉంటాయి, కుచ్చిళ్ళు ఉబ్బెత్తుగా కనబడవు. జాకెట్టు లోపల థర్మల్ చొక్కా. ముందూ వెనకా మెడ బాగా దిగి ఉన్నవి, జాకెట్టు రంగువో ఒంటి రంగువో దొరుకుతాయి.

జాకెట్టు విషయం ఇప్పుడే చూసుకోవాలి, ఎందుకంటే కుట్టేది ఇక్కడి టైలరు. థర్మల్ ముందు కొనండి. అది వేసుకునే కొలతలివ్వండి. చాలామంది మామూలుగా కొలతలిచ్చి, అక్కడికి వచ్చాక థర్మల్ మీద జాకెట్టు హుక్కులు పడక, థర్మల్ తీసి పక్కన పెట్టేస్తారు. చేతులు మోచేతి కిందకి ఉంచండి, వీపు కిటికీలూ తాళ్ళూ ఈ ఒక్క పెళ్ళికి వద్దు. లోపల కుట్టు ఎక్కువ వదలమని చెప్పండి. చీర రెండు వేళ్ళు పైకి కట్టండి. పచ్చిక పొద్దంతా తడిగానే ఉంటుంది. ఫాల్ ఆ తడిని పీల్చుకుంటే పట్టు మీద చారలు పడతాయి. పైట భుజం దగ్గరా, నడుం దగ్గరా పిన్నులు పెట్టండి, గాలికి ఆగదు.

పెళ్ళికూతురికి ఇంకో ఇబ్బంది ఉంది. మధుపర్కాలు పల్చటి నూలు బట్టలు. అవి కట్టుకునే ఘట్టం కొద్దిసేపే అనుకుంటాం గానీ, తలంబ్రాలూ ఫోటోలూ కలిపి చాలాసేపే పడుతుంది. లోపల థర్మల్స్ తప్పనిసరి. మంగళస్నానం ఆరుబయట వద్దే వద్దు, ఇంట్లోనే కానివ్వండి. పురోహితుడితో ముందే మాట్లాడి, ఘట్టానికీ ఘట్టానికీ మధ్య అయిదు నిమిషాలు లోపలికి వెళ్ళొచ్చేలా చూసుకోండి.

హోమం దగ్గర జాగ్రత్త. కొత్తగా వచ్చిన పిల్లల దగ్గర సాధారణంగా ఉండేది దూది దుప్పటిలా ఉబ్బిన నైలాన్ జాకెట్టే. అది నిప్పురవ్వకి కరిగి ఒంటికి అతుక్కుంటుంది. పాలిస్టర్ శాలువా కూడా అంతే. ఉన్ని అంత తేలిగ్గా అంటుకోదు. పీటల మీద కూర్చునేవాళ్ళకీ, పక్కన నిలబడేవాళ్ళకీ ఉన్ని శాలువాలే ఇవ్వండి. థర్మల్స్‌లో మెరినో కొనమన్నది ఇందుకు కూడా.

పాదాల గురించి పిన్ని అసలు అడగలేదు. నేనే ఎత్తాను. మండపంలో చెప్పులు విప్పాలి కదా. కింద తివాచీ ఉన్నా నేల చల్లదనం పైకి పాకుతుంది. ప్రతి ఒక్కరికీ రెండు జతల ఉన్ని సాక్సులు పెట్టుకోండి, ఒకటి తడిస్తే మార్చుకోవడానికి. మెట్టెలు పెట్టుకునేవాళ్ళకి బొటనవేలు విడిగా ఉండే సాక్సులు హాయిగా ఉంటాయి. సన్న హీల్స్ పచ్చికలో దిగబడతాయి, వెడల్పు మడమ ఉన్నవి వేసుకోండి. చేతుల్లో పట్టుకునే వేడి పొట్లాలు దొరుకుతాయి. లోపలి ఇనప పొడికి గాలి తగలగానే వేడెక్కి కొన్ని గంటలు వెచ్చగా ఉంటాయి. షుగర్ ఉన్న పెద్దవాళ్ళ పాదాలకి మాత్రం వాటిని నేరుగా ఆనించకండి. స్పర్శ తగ్గి ఉంటే కాలుతున్నది తెలియదు.

బాబాయ్ తన పొందూరు పంచె చూపించారు. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని శుభ్రం చేసి, చేత్తో వడికిన నూలు అది. కూతుర్ని కన్యాదానం చేసేది అది కట్టుకునే అని ఆయన పట్టు. కట్టుకోవాల్సిందే. పంచె కింద థర్మల్ ప్యాంటు తొడుక్కుంటే ఎవరికీ కనబడదు. ఉత్తరీయం బదులు ఉన్ని శాలువా, కండువా దాని మీద. పీటల మీద లేనప్పుడు కోటు వేసుకోవాలి. పెళ్ళివారి ముందు కోటేమిటని ఆయన మొహమాటపడ్డారు. బాబాయ్, అక్కడ పెళ్ళికొడుకు తాతగారు కూడా కోటుతోనే ఉంటారు.

కొత్తగా వచ్చి అతిథులుగా వెళ్ళే విద్యార్థులు ఒక్క పెళ్ళి కోసం డబ్బు పోయనక్కర్లేదు. అక్కడి ఛారిటీ షాపుల్లో, అంటే దానంగా వచ్చిన వాడిన వస్తువులు అమ్మే దుకాణాల్లో, ఉన్ని కోట్లు కొత్త కోటు ధరలో చిన్న వంతుకే దొరుకుతాయి. అది ఇంగ్లీషువాళ్ళ పెళ్ళయితే తెలుపు, మీగడ రంగు చీరలు వద్దు, అవి పెళ్ళికూతురివి. చిన్నపిల్లల్ని కారు సీటులో ఉబ్బు కోటుతో కట్టకండి, బెల్టు వదులైపోతుంది. కోటు తీసి కట్టి, పైన కప్పండి.

స్కాట్లాండ్‌లో ఆరుబయట పెళ్ళి చట్టప్రకారం ఎప్పటినుంచో చెల్లుతుంది. ఇంగ్లండ్‌లో సివిల్ పెళ్ళిళ్ళకి 2021 జూలైలో అనుమతించారు, అదీ గుర్తింపు ఉన్న వేదికల ఆవరణలోనే. కాబట్టి ఇలాంటి శుభలేఖలు మీకూ వస్తాయి. శుభలేఖ రాగానే వాన వస్తే లోపల గది ఉందా, హీటర్లున్నాయా, కార్లనుంచి మండపానికి ఎంత నడవాలి అని అడగండి. అడగడం మర్యాద తక్కువేం కాదు.

పిన్ని చివర్న అడిగింది లగేజీ బరువు గురించి. కోట్లు సూట్‌కేసులో పెట్టొద్దన్నాను. విశాఖలో విమానం ఎక్కేటప్పుడు ఉక్కగా ఉన్నా చేతిమీదే వేసుకోండి, అక్కడ దిగి తలుపు దాటే ముందే తొడుక్కోవాలి. థర్మల్సూ సాక్సులూ ఒక జత చేతిసంచిలోనే ఉండాలి, సూట్‌కేసు ఆలస్యమైనా ఇబ్బంది ఉండదు. పిన్ని వెంటనే లేచి, మూడు సూట్‌కేసుల అడుగునా సర్దేసిన శాలువాలన్నీ బయటికి తీయించింది.