పెద్ద రైఫిల్‌కి తేలికపాటి సీసపు తూటాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నాది 45-70 తూటా పేల్చే లీవర్ యాక్షన్ (చేతి మీటతో తూటా ఎక్కించే) రైఫిల్. ఫ్యాక్టరీ తూటాల కుదుపు తట్టుకోలేక, సొంతంగా పోతపోసిన 405 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే చిన్న తూకపు కొలత) సీసపు బుల్లెట్‌తో తేలికపాటి లోడు తయారు చేసుకున్నాను. ఇరవై పేల్చేసరికి గొట్టం నిండా సీసం పడుతోంది, గురి చెదిరిపోతోంది. ఇంకా గట్టి మిశ్రమంతో పోస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోకపోగా, ముదిరినా ముదరవచ్చు. సీసం పట్టిందనగానే అందరి చూపూ గట్టి మిశ్రమం మీదికే పోతుంది. ముందు మీ గొట్టం కొలత తెలుసుకోండి. రైఫిల్ ఖాళీగా ఉందని చూసుకుని, యాక్షన్ తెరిచి, గొట్టంలో పల్చగా నూనె రాయండి. గాడుల (గొట్టం లోపల మెలితిరిగిన గీతల) వ్యాసం కంటే కాస్త పెద్దదైన మెత్తని సీసపు ముక్కను మూతి దగ్గర పెట్టి, ఇత్తడి కడ్డీతో మెల్లగా తట్టుతూ అవతలికి పంపండి. దాని మీద గాడుల గుర్తులు పడతాయి. ఎత్తుగా ఉన్న గుర్తుల మీద మైక్రోమీటరుతో కొలవండి. వెర్నియర్ కాలిపర్ వద్దు, ఇక్కడ అంగుళంలో వెయ్యో వంతు తేడా కూడా లెక్కే. కొలత 0.458 అంగుళాలు వస్తే బుల్లెట్ 0.459 గానీ 0.460 గానీ ఉండాలి. లోతు తక్కువ గాడులున్న గొట్టాలు ఇంకాస్త లావు బుల్లెట్ అడగవచ్చు. అయితే ఆ తూటా ఛాంబర్‌లోకి, అంటే పేలే ముందు అది కూర్చునే అరలోకి, బలవంతం చేయకుండా దిగాలి.

తేలికపాటి లోడులో పీడనం తక్కువ. గట్టి బుల్లెట్ ఆ పీడనానికి వెడల్పై గాడులను మూయలేదు. వేడి వాయువు పక్కల నుంచి దూసుకుపోతూ సీసాన్ని కోసి ఉక్కుకు అంటిస్తుంది. సెకనుకు 1,200 అడుగుల వేగానికి, తూకంలో 20 వంతుల సీసానికి ఒక వంతు తగరం కలిపిన మిశ్రమం చాలు. దాని బ్రినెల్ గట్టిదనం సుమారు 10. శుద్ధ సీసానిది 5, లైనోటైపు (అచ్చు అక్షరాల పోతకు వాడిన గట్టి మిశ్రమం) లోహానిది 22. ఈ పనికి లైనోటైపు దండగ.

చాలామంది చూడనిది ఇంకొకటుంది. ప్రైమర్ (దెబ్బకు నిప్పు రాజేసే బిళ్ల), తుపాకి మందు లేని ఉత్తి కేసులో (తూటా ఇత్తడి గుల్లలో) బుల్లెట్ బిగించి, మళ్లీ ఊడదీసి కొలవండి. 0.460 ఉన్న బుల్లెట్ 0.457కి నొక్కుకుపోయి బయటికి వస్తే దోషం మీ ఎక్స్‌పాండర్‌ది, అంటే కేసు మెడను లోపలి నుంచి వెడల్పు చేసే పనిముట్టుది. రాగి తొడుగు బుల్లెట్ల కోసం చేసిన ఎక్స్‌పాండర్ కేసు మెడను బిగుతుగా వదిలేస్తుంది, మెత్తని సీసం ఆ బిగువుకు లొంగిపోతుంది. సీసపు బుల్లెట్‌కి తగిన ఎక్స్‌పాండర్ విడిగా తీసుకోండి. కేసు మూతిని, బుల్లెట్ అడుగు అందులో నిలబడేంత మాత్రమే విప్పండి. చాలకపోతే మూతి అంచు సీసాన్ని ఉంగరంలా చెక్కేస్తుంది.

సీసం ఎక్కడ పట్టిందో కూడా గమనించండి. ఛాంబర్ ముందే ఉంటే బుల్లెట్ సన్నగా ఉన్నట్టు, గొట్టం మూతి దగ్గర ఉంటే లూబ్ (బుల్లెట్‌కి పూసే జిడ్డు) దారిలోనే అయిపోయినట్టు. తీయడానికి పాత కంచు బ్రష్‌కి రాగి పీచు చుట్టి తోస్తే చాలు. వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి పోసే పద్ధతి జోలికి పోవద్దు. అందులో తయారయ్యే లెడ్ ఎసిటేట్ నీటిలో కరిగే విషం.

ప్రశ్న: లోడింగ్ పుస్తకంలో ఇచ్చిన మందు కనీస మోతాదు కంటే ఇంకా తగ్గించవచ్చా?

జవాబు: వద్దు. ఈ కేసు 1873లో 70 గ్రెయిన్ల నల్లమందు కోసం పుట్టింది. పొగలేని మందు అందులో అడుగున కొంచెమే కూర్చుంటుంది. త్వరగా కాలే మందైతే పొరపాటున రెండుసార్లు పోసినా పొంగదు, కంటికి తెలియదు. మెల్లగా కాలే మందును మరీ తగ్గిస్తే సరిగా అంటుకోక బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కోవచ్చు, ఒక్కోసారి పీడనం అమాంతం ఎగరవచ్చు కూడా.

45-70కి లోడింగ్ పుస్తకాలు మూడు పట్టికలు ఇస్తాయి: తక్కువ పీడనమే తట్టుకునే పాత ట్రాప్‌డోర్ స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్‌కి, లీవర్ యాక్షన్‌కి, ఒక్కో తూటాయే పెట్టి పేల్చే బలమైన సింగిల్ షాట్‌లకి. మీకు తేలికపాటిది కావాలి కాబట్టి ట్రాప్‌డోర్ పట్టికే పట్టుకోండి, మీ రైఫిల్‌కి అది నిక్షేపంగా సరిపోతుంది. అంతకంటే దిగాలంటే తయారీదారు స్వయంగా అనుమతించిన మందే వాడాలి. హాడ్జ్‌డన్ కంపెనీ హెచ్4895 విషయంలో పట్టికలోని గరిష్ఠ మోతాదులో 60 శాతానికి దిగకుండా తగ్గించవచ్చని చెబుతుంది. ఈ లెక్కను మరో మందుకు వర్తింపజేయకూడదు.

మందు పోశాక ప్రతి కేసులోకీ టార్చి వేసి చూసి, ఆ తర్వాతే బుల్లెట్ పెట్టండి. పూర్తయిన తూటాలు తూచి తప్పు పట్టుకుందామంటే కుదరదు, పోత బుల్లెట్ల బరువుల్లోనే తేడాలుంటాయి. పేల్చినప్పుడు శబ్దం నీరసంగా వస్తే అక్కడితో ఆగండి. మూతిని సురక్షిత దిశలోనే ఉంచి అర నిమిషం ఆగి, తూటాలన్నీ తీసేసి గొట్టంలోకి చూడండి. ఇరుక్కున్న బుల్లెట్ వెనుక ఇంకొకటి పేలిస్తే గొట్టం పగులుతుంది.

వేగం ఒక్కో తూటాకి ఒక్కోలా ఉంటే మందు కదలిక చూడండి. సురక్షిత దిశలో మూతిని పైకెత్తి మెల్లగా దించి ఐదు, కిందికి వంచి మెల్లగా ఎత్తి ఐదు క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) మీదుగా పేల్చండి. తేడా బాగా కనిపిస్తే కేసును ఎక్కువగా నింపే మందుకు మారండి. ఖాళీని దూదిలాంటి పీచుతో నింపవద్దు, ఛాంబర్‌లో ఉంగరంలా ఉబ్బు పడే ప్రమాదం ఉంది.

ప్రశ్న: బుల్లెట్లు ఒకసారి ముడతలుగా, ఒకసారి మంచు పట్టినట్టు వస్తున్నాయి.

జవాబు: ముడతలంటే అచ్చు చల్లగా ఉంది, లేదా దానిలో నూనె మిగిలింది. మంచు రంగంటే వేడి ఎక్కువైంది. కొద్దిపాటి మంచు రంగు వల్ల నష్టం లేదు. కరిగిన లోహాన్ని 370 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచండి. అడుగు అంచు పదునుగా రాని బుల్లెట్‌ను మాత్రం మొహమాటం లేకుండా కుండలో వేసేయండి. గొట్టం వదిలేటప్పుడు బుల్లెట్‌ను తిన్నగా నడిపేది ఆ అంచే.

ప్రశ్న: గొట్టపు మ్యాగజైన్‌లో గుండ్రటి ముక్కు బుల్లెట్లు వాడవచ్చా?

జవాబు: చదునైన ముక్కువే వాడండి. లోపల తూటాలు వరుసగా ఉంటాయి, ఒక తూటా ముక్కు ముందున్న దాని ప్రైమర్‌కి ఆనుకుని ఉంటుంది; కుదుపుకి అది ప్రైమర్‌ను కొట్టి పేల్చవచ్చు. క్రింప్ (బుల్లెట్ చుట్టూ కేసు అంచును నొక్కిన పట్టు) కూడా గట్టిగా ఉండాలి. లేకపోతే స్ప్రింగు ఒత్తిడికి, కుదుపుకి బుల్లెట్ కేసులోకి జారి పీడనం పెంచుతుంది.

ప్రశ్న: సీసం కరిగించేటప్పుడు పొగ పీల్చకుండా మాస్క్ పెట్టుకుంటే చాలా?

జవాబు: చాలదు. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మరిగేది 1,700 దాటాకే. కాబట్టి పోతపోసే వేడిలో ఆవిరి కంటే పైన తేలే తెట్టు, దాని బూడిదలాంటి దుమ్ము ఎక్కువ ప్రమాదం. అది చేతుల మీదుగా నోట్లోకి పోతుంది. ఆరుబయట చేయండి, తెట్టును మూతున్న డబ్బాలో వేయండి. పని జరుగుతుండగా తినడం, తాగడం, పొగతాగడం వద్దు. బట్టలు విడిగా ఉతకండి. వంట పాత్రలు వాడకండి, పిల్లలను, గర్భిణులను దగ్గరికి రానివ్వకండి. తరచూ చేసేవారు రక్తంలో సీసం పరీక్ష చేయించుకోవాలి. కరిగిన లోహంలోకి తడి దిమ్మ వేస్తే నీరు ఒక్కసారిగా ఆవిరై సీసాన్ని చిమ్ముతుంది. కొత్త దిమ్మలను కుండ అంచు మీద ఆరబెట్టి, వేడెక్కాకే లోపలికి జార్చండి.