ఊక ఆరిందో లేదో తూకం చెప్పాలి

చిరంజీవి రాజాకు, మామయ్య దీవెనలు.

ఇందుకూరుపేట రొయ్యల గుంటల దగ్గర ఖాళీ మేత సంచులు కొని, కరిగించి, కోవూరు మిల్లుల ఊక కలిపి పలకలు చేస్తానని రాశావు. మంచిదే. మిషన్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందు గ్రాములు చూపించే తూకం ఒకటి కొనుక్కో.

నా మొదటి పలక సంగతి చెప్తా విను. ఊకను రెండ్రోజులు మిద్దె మీద ఎండబెట్టాను. గుప్పిట పడితే గలగలలాడింది. కరిగిన ప్లాస్టిక్‌లో పడగానే చిటపటలు మొదలు. ప్రెస్ తెరిస్తే పలక పొంగి ఉంది, రంపంతో కోస్తే లోపలంతా అట్టుకు పడ్డట్టు బొక్కలు. ఎండలో ఆరిన ఊకలోనూ నూటికి పది పాళ్ళ దాకా తేమ ఉంటుంది నాయనా, వేడికి అదంతా ఆవిరై పలకను చీల్చుకుని వస్తుంది. 105 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి గంటకోసారి తూచు. బరువు తగ్గడం ఆగితేనే ఆరినట్టు. తీసి బయట ఉంచావా, మన సముద్రపు గాలికి, అందులోనూ కార్తీకం వానల్లో, మళ్ళీ చెమ్మ పీలుస్తుంది. వేడి మీదే మూత బిగిసే డ్రమ్ములో పోసెయ్.

సంచి లోపల పల్చటి కవరు ఉంటే లాగి పక్కన పెట్టు. సంచి పాలీప్రొపిలీన్, 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కవరు పాలిథిన్, ఇంకా ముందే కరుగుతుంది. రెండూ సరిగా కలవవు, పలక పెళుసవుతుంది. నీళ్ళలో వేస్తే రెండూ తేలతాయి కాబట్టి చేత్తో ఏరాల్సిందే. నీళ్ళ బాటిళ్ళు, పీవీసీ పైపులు ముక్కలు చేసి వేస్తే మునుగుతాయి, వాటిని మాత్రం అలా పట్టుకోవచ్చు. బాటిల్ కరగాలంటే 250 దాటాలి, ఆపాటికి ఊక బొగ్గయిపోతుంది. పీవీసీ పైపు ముక్కతో ఇంకా ప్రమాదం. నా షెడ్డులో ఒక్కటి కలిసిపోతే వచ్చిన ఆసిడ్ పొగకు మూడు రోజులు గొంతు మండింది, అచ్చు తుప్పు పట్టింది.

బరువులో నూటికి 30 పాళ్ళు ఊక చాలు. ప్లాస్టిక్‌కు నీళ్ళంటే పడదు, ఊకకు నీళ్ళంటే ప్రాణం. ఈ రెండూ అతుక్కోవాలంటే ఎంఏపీపీ గుళికలు, అంటే ఊకను పట్టుకునేలా మార్చిన పాలీప్రొపిలీన్, నూటికి మూడు పాళ్ళు వెయ్యి. వేడి 190 దాటనివ్వకు, మాడు వాసన వచ్చిందంటే ఆలస్యమైనట్టే. ఊకలో సిలికా ఎక్కువ, మిషన్ స్క్రూను అరగదీస్తుంది. అమ్మేవాడు ఆ మాట ఎత్తడు, నువ్వే లెక్కలో వేసుకో.

చల్లారేదాకా ప్రెస్ తెరవకు. అన్నం ఆరిపోతోందని మీ అత్తయ్య కేకేస్తే మధ్యలో తెరిచిన పలక ఇప్పటికీ గోడకు ఆనించి ఉంది, పడవలాగా వంగి.

పైకప్పు రేకుల జోలికి ఇప్పుడే పోకు. బెంచీ పలకలతో మొదలుపెట్టు. దీపావళికి వచ్చేటప్పుడు ఒక ముక్కను 24 గంటలు నీళ్ళలో నానబెట్టి, ముందూ తర్వాతా తూకం రాసుకుని పట్టుకురా. నా రంపంతో కోసి చూద్దాం.

మీ మామయ్య