పాలు ఒలికాయా? ముందు గుడ్డ, తర్వాత మాట

ప్రశ్న: మా మనవడికి అయిదేళ్లు. కోడలు ఉద్యోగానికి వెళ్తుంది కాబట్టి బడి నుంచి వచ్చాక నా దగ్గరే ఉంటాడు. మొన్న గ్లాసు తన్నేసి పాలు ఒలకబోస్తే, 'నీ చేతికి ఏదీ ఇవ్వకూడదురా' అనేశాను. సాయంత్రం వాడు చెల్లెలి చేతిలోంచి బొమ్మ లాక్కుని, అచ్చం అదే మాట నా గొంతుతోనే అన్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని తెలియక కాదు. అరవై దాటిన నోటికి ఇప్పుడు అదుపు నేర్పగలమా?
– ఒక నాయనమ్మ, తెనాలి

జవాబు: నేర్పగలమమ్మా. అయితే 'రేపటి నుంచి ఆలోచించి మాట్లాడతాను' అని గట్టిగా అనుకున్నంత మాత్రాన జరగదు. గ్లాసు పడ్డ చప్పుడుకు గుండె ఝల్లుమన్నప్పుడు ఆలోచన అందదు. ఏళ్ల తరబడి అలవాటైన వాక్యమే నోట్లోంచి వస్తుంది. అందుకే దాని స్థానంలోకి రావాల్సిన వాక్యాన్ని ముందే తయారు చేసి పెట్టుకోవాలి.

రోజంతా జాగ్రత్తగా ఉండాలనుకోకండి, రెండో రోజుకే విసుగొస్తుంది. ఎక్కువగా నోరు జారే సమయం ఒక్కటి ఎంచుకోండి. మీ ఇంట్లో అది పాలు తాగే వేళ అనుకుందాం. మీ కొత్త వాక్యం: 'పాలు ఒలికాయి. గుడ్డ తెద్దాం పద.' వంటింట్లో ఒక్కరే ఉన్నప్పుడు దీన్ని రోజుకు అయిదుసార్లు పైకి అనండి. మనసులో అనుకుంటే చాలదు, నాలుకకు అలవాటు కావాలి. గుడ్డ పిల్లవాడికి అందే కొక్కేనికి వేలాడదీయండి. గ్లాసు సగమే నింపండి, బల్ల అంచుకు జానెడు లోపలగా పెట్టండి. సగం తగాదాలు అక్కడే తగ్గిపోతాయి.

ఒలికినప్పుడు పెదవులు మూసి, ఊపిరి నెమ్మదిగా వదలండి. చెయ్యి గుడ్డ మీదికి వెళ్లాలి. ఆ తర్వాతే మాట. చెయ్యి పనిలో పడితే గొంతు దానంతటదే దిగుతుంది. నోరు మూసుకుని కళ్లెర్రజేస్తే మాత్రం ఫలితం లేదు, తిట్టు వాడికి కళ్లలోంచి చేరుతుంది. 'ఎందుకు ఒలకబోశావు?' అనీ అడగొద్దు. అయిదేళ్లవాడికి దానికి జవాబు తెలియదు. భయపడి చెల్లెలి మీద పెడతాడు, అప్పుడు అబద్ధం చెప్పాడని ఇంకో తగాదా.

పొయ్యి, కరెంటు, రోడ్డు దగ్గర ఇలా ఆగి మాట్లాడటం వద్దు. 'ఆగు!' అని గట్టిగా ఒక్క మాట అరవండి. 'పరిగెత్తకు' కంటే అదే మేలు. తెలుగులో వద్దనే అర్థమంతా చివరి 'కు'లోనే ఉంది, పరుగు మీదున్నవాడి చెవికి అది అందకపోవచ్చు. ప్రమాదం లేని చోట 'మెల్లగా నడు' అనండి.

మొదటి వారం మాట అన్నాకే గుర్తొస్తుంది. బాధపడకండి, మార్పు అలాగే మొదలవుతుంది. తర్వాత సగం మాటలో గుర్తొస్తుంది. మొదలుపెట్టాం కదా అని పూర్తి చేయకుండా అక్కడే వదిలేయండి. మాటకు ముందే గుర్తు రావడం అన్నిటికంటే చివర్న వస్తుంది.

ఇక అనేసిన మాట సంగతి. అదే రోజు, పడుకునే లోపు, వాడి ఎత్తుకు కూర్చుని చెప్పండి: 'నీ చేతికి ఏదీ ఇవ్వకూడదన్నాను కదా నాన్నా, ఆ మాట తప్పు. పాలు ఒలికాయి, అంతే.' 'కానీ నువ్వు కూడా...' అని తోక తగిలించకండి, చెప్పిందంతా పోతుంది. చాక్లెట్ కూడా వద్దు, మాటకు మాటే సరి. వాడు చెల్లెలిని మళ్లీ అలా అంటే, 'ఆ మాట నా దగ్గరే విన్నావు. నేనూ మానేస్తున్నాను, ఇద్దరం మానేద్దాం' అనండి. మానుకోవడానికి తోడు దొరికితే పిల్లలు చాలా ఇష్టపడతారు.

ఇంకొక్క మాట. పిల్లవాడు పక్కనే ఆడుకుంటున్నాడు కదా అని కోడలితో 'వీడికి మొండితనం ఎక్కువైంది' అంటారేమో. వాడు వింటాడు. అది వాడు నిద్రపోయాక మాట్లాడుకోండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా మనవరాలికి ఏడేళ్లు. వీడియో కాల్‌లో నేను నాలుగు మాటలు అడిగేలోపే లేచి వెళ్లిపోతుంది.
– ఒక తాతగారు, వరంగల్

జవాబు: ఆ నాలుగూ వరసగా అడుగుతున్నారేమో చూసుకోండి. 'తిన్నావా, బడికెళ్లావా, బాగా చదువుతున్నావా' అంటే ఆ పాపకు పరీక్షలా ఉంటుంది. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త తరగతి గదులను పరిశీలించినప్పుడు, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లో అంతకంటే ఎక్కువో ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి. మీ పాపకు ఇంకా ఎక్కువ కావాలి. ఫోన్‌లో మాట ఆలస్యంగా చేరుతుంది, ఇంగ్లీషులో తోచింది తెలుగులోకి మార్చుకోవాలి. అడిగాక మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టండి. ఆ మధ్యలో ఇంకో ప్రశ్న వేస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

ప్రశ్నతో కాకుండా వస్తువుతో మొదలుపెట్టి చూడండి. పెరట్లో కోసిన చింతకాయ కెమెరా ముందు పెట్టి ఊరుకోండి, తనే అడుగుతుంది. 'తెలుగు సరిగ్గా రావట్లేదే' అని మాత్రం అనవద్దు, ఉన్న నాలుగు మాటలూ ఆగిపోతాయి. 'నిన్న పార్కుకి వెళ్తాను' అంటే, 'నిన్న వెళ్లావా! ఉయ్యాల ఎక్కావా, జారుడుబల్ల ఎక్కావా?' అనండి.