పాత జీపులో సెకండ్ గేరు నిలవకపోతే ముందే గేర్లు కొనకండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మీ నాయన వాడిన మహీంద్రా సీజే-3బి, మూడు గేర్ల టీ-90 బాక్సు. ఉదయగిరి వైపు దిగుడులో యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే సెకండ్ గేరు న్యూట్రల్‌లోకి ఎగిరిపోతోంది, సౌండు కూడా వస్తోంది. మెకానిక్ సెట్టు మొత్తం మార్చాలంటున్నాడు.

మాదీ అదే బండి. పొదలకూరు దగ్గర నిమ్మతోటకు ఇప్పటికీ దాంట్లోనే పోతాను. దానికి గేర్లు మార్పించాను కాబట్టి చెప్తున్నా. అరిగిన గేరు కనిపించేది చివర్లో. దాన్ని అరగదీసింది వేరే ఏదో ఉంటుంది. అది పట్టుకోకుండా కొత్త గేరు వేస్తే అదీ పాతదాని దారే పడుతుంది.

ముందు సౌండు ఎక్కడిదో తేల్చండి. టాప్ గేరులో ఇంజను తిప్పుడు నేరుగా మెయిన్ షాఫ్టుకే పోతుంది, కింద ఉండే క్లస్టర్ గేరు (ఒకే ముక్కగా ఉండే గేర్ల గుత్తి) మీద బరువు పడదు. టాప్‌లో నిశ్శబ్దంగా ఉండి సెకండ్‌లోనే ఊళ పెడితే తప్పు క్లస్టర్‌లోనో సెకండ్ గేరులోనో ఉంది. అన్ని గేర్లలోనూ ఒకేలా మోగితే వెనకున్న ఫోర్ వీల్ బాక్సును, అంటే ముందు వెనక చక్రాలకు తిప్పుడు పంచే బాక్సును, అనుమానించాలి. ఆ బాక్సులో హై అయినా లో అయినా తిప్పుడు మధ్య గేరు మీదుగానే పోవాలి, అందుకే దాని షాఫ్టు తొందరగా అరుగుతుంది. అది చూడకుండా గేరు బాక్సు విప్పడం దండగ.

ఎగిరిపోవడానికి చౌకైన కారణం కూడా ఒకటుంది. ఫ్లోర్ ప్లేటు తీసి, బాక్సు పైమూత విప్పితే గేరు మార్చే సెలెక్టర్ రాడ్లను పట్టి ఉంచే బాల్స్, స్ప్రింగులు కనిపిస్తాయి. స్ప్రింగు చచ్చినా, గేరును జరిపే ఫోర్కు అరిగినా గేరు నిలవదు. బాక్సు దించకుండానే అయిపోయే పని ఇది.

ఇంకో మాట, ఇదే ముఖ్యం. మన వైపు చాలా జీపులకు పెట్రోలు ఇంజను తీసేసి డీజిల్ ఎక్కించారు, మా దానికీ అంతే. ఇంజనుకీ బాక్సుకీ మధ్య వేసిన అడాప్టర్ ప్లేటు వెంట్రుకవాసి పక్కకున్నా క్లచ్ నుంచి బాక్సులోకి పోయే క్లచ్ షాఫ్టు వంకరగా తిరుగుతుంది. దాని ముందు కొనను పట్టే పైలట్ బుష్ అరుగుతుంది, ముందు బేరింగ్ వదులవుతుంది, ఆపైన గేరు దాని చోట నిలవదు. ఫ్లైవీల్ మీద డయల్ గేజ్ (సన్నటి తేడా కొలిచే ముల్లు మీటరు) బిగించి, చేత్తో తిప్పుతూ, క్లచ్‌ను కప్పే బెల్ హౌసింగ్ రంధ్రం సరిగ్గా మధ్యలో ఉందో లేదో కొలవమనండి. నెల్లూరు ఆటోనగర్‌లో నేను ముందు అడిగిన మెకానిక్ "అవన్నీ ఎందుకు సార్, గేర్లు తెచ్చుకోండి" అన్నాడు. ఆ గేజ్‌తో కొలిచే పని ఒక లేత్ మిస్త్రీ చేసిపెట్టాడు. మాకు అసలు రోగం అక్కడే దొరికింది.

ఇవన్నీ చూసినా లోపలిదే తప్పని తేలితే బాక్సు దించక తప్పదు. ఇంజను కింద జాకీ పెట్టి, రెండు బాక్సులూ కలిపే దించండి, ఒక్కరి వల్ల కాదు. ఆయిల్ పళ్ళెంలోకి వంపి చూడండి: పసుపు పొడి ఉంటే సింక్రో రింగులు (గేరు పడేముందు వేగాలు కలిపే ఇత్తడి రింగులు) అరిగినట్టు, తెల్లటి ఇనుప రేకులుంటే గేరు పళ్ళు. సెకండ్ గేరు పక్కనున్న చిన్న పళ్ళు ఏటవాలుగా అరిగి ఉంటే, అవే గేరును బయటికి తోస్తున్నాయి. సింక్రో రింగును గేరు మీదుండే వాలు భాగం, అంటే కోను మీద చేత్తో నొక్కి చూడండి. రింగుకీ గేరుకీ మధ్య సందు మిగలకపోతే రింగు అయిపోయినట్టే.

క్లస్టర్ కొత్తది వేస్తే దాని షాఫ్టు, నీడిల్ రోలర్లు (సూదుల్లాంటి సన్నటి బేరింగ్ ముక్కలు), పక్క వాషర్లు కూడా కొత్తవే వేయండి. కొత్త సెకండ్ గేరును పాత క్లస్టర్‌తో కలిపితే ఊళ పోదు, ఆ రెండూ జతగానే మార్చాలి. మెయిన్ షాఫ్టు బాగుంటే ఉంచుకోండి, మేం ఉంచుకున్నాం. పళ్ళకు వెల్డింగ్ పోసి రాపిస్తానంటే మాత్రం వద్దనండి. గేరుకు గట్టిదనమంతా పైపొరలోనే ఉంటుంది, వెల్డింగ్ వేడికి అది పోతుంది.

విడిభాగాలకు నేను చెన్నై పుదుపేట వెళ్ళాను. పాత ముక్కలు సంచిలో వేసుకునే వెళ్ళండి. ఇదే బాక్సులో రకాలున్నాయి, క్లచ్ షాఫ్టు పొడవులు కూడా వేరు. పళ్ళు లెక్కపెట్టి, పక్కపక్కన పెట్టి చూశాకే డబ్బులివ్వండి.

బిగించేటప్పుడు నీడిల్ రోలర్లను గ్రీజుతో అంటించి, షాఫ్టు మందంలోనే పొట్టి డమ్మీ రాడ్డు దూర్చి క్లస్టర్‌ను కూర్చోబెడతారు. తర్వాత అసలు షాఫ్టు వెనక నుంచి కొడుతూ డమ్మీని తోసేస్తారు. ఇది దగ్గరుండి చూడండి. ఒక్క రోలర్ జారి కింద పడినా మళ్ళీ మొదటికే.

గేర్ ఆయిల్ 90 నంబరు, జీఎల్-4 రకం పోయండి. జీఎల్-5లో కలిపే కొన్ని రసాయనాలు ఇత్తడి రింగులను తినే ప్రమాదం ఉంది. కొత్త గేర్లతో కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి మార్చేయండి. ఫస్ట్ గేరుకు సింక్రో లేదు కాబట్టి బండి పూర్తిగా ఆగాకే వేయండి. మా జీపులో ఎక్కువ పళ్ళు విరిగింది ఆ గేరుకే.