హెచ్‌ఐవీ ఎవరి నుంచి ఎవరికి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా చెల్లెలికి ఐదో నెలలో చేసిన రక్తపరీక్షలో హెచ్‌ఐవీ ఉందని తేలింది. తర్వాత ఆమె భర్తకు, అంటే మా మరిదికి చేస్తే ఆయనకూ ఉంది. అత్తింటివాళ్లు మాత్రం ముందు నీకే బయటపడింది కాబట్టి నువ్వే అంటించావని దాన్ని రోజూ ఏడిపిస్తున్నారు. ఇద్దరి వైరస్‌నూ జన్యుపరీక్షతో పోల్చి చూస్తే ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తెలిసిపోతుందట, ఆ పరీక్ష చేయిద్దామని మరిది పట్టుబడుతున్నాడు. చేయించమంటారా?
– పేరు వద్దు, ఏలూరు

జవాబు: చేయించొద్దమ్మా. మీ ఇంట్లో నడుస్తున్న గొడవకు ఆ పరీక్ష జవాబు చెప్పలేదు. ముందు బయటపడినంత మాత్రాన ముందు సోకినట్టు కానే కాదు. గర్భిణులందరికీ హెచ్‌ఐవీ పరీక్ష చేస్తారు, మగవాళ్లకు అలాంటి ఏర్పాటు లేదు, భార్యకు తేలాకే భర్తను పిలుస్తారు. అందుకే ఎన్నో ఇళ్లలో ముందు బయటికొచ్చేది కోడలి రిపోర్టే, నింద పడేదీ ఆమె మీదే. ఇది చాలా అన్యాయం, ఇంట్లో పెద్దవాళ్లు ఎవరు అన్నా మీరు గట్టిగా ఎదురు చెప్పాలి.

ఇక పరీక్ష సంగతి. హెచ్‌ఐవీ జన్యు పదార్థంలో దాదాపు 9,700 అక్షరాలుంటాయి. మన కణాల్లో చేరి తన నకళ్లు తీసుకునేటప్పుడు బోలెడు తప్పులు దొర్లుతాయి, వాటిని దిద్దుకునే ఏర్పాటు దానికి లేదు. క్లాసులో ఒకరి నోట్సు చూసి ఇంకొకరు రాసుకుంటూ పోయారనుకోండి. ఒకే రకం తప్పులు ఇద్దరి పుస్తకాల్లో కనిపిస్తే ఆ రెండింటికీ సంబంధం ఉందని చెప్పొచ్చు. కానీ ఈయనది చూసి ఆయన రాశాడా, ఆయనది చూసి ఈయన రాశాడా, ఇద్దరూ మూడోవాడిది తెచ్చుకున్నారా, మధ్యలో ఇంకో పుస్తకం ఉండి అది మన చేతికి రాలేదా అన్నది ఆ తప్పుల్ని బట్టి తేల్చలేం. ఇంకో మాట, మన దేశంలో చాలామందిలో ఉన్నది సి రకం వైరస్ కాబట్టి ఇద్దరిదీ సి రకమే అని రిపోర్టు వచ్చినా దానివల్ల తేలేది ఏమీ లేదు.

ఒకే మనిషి ఒంట్లో ఉన్న రకరకాల వైరస్‌లన్నిటినీ లోతుగా చదివి, వ్యాప్తి ఎటు నుంచి ఎటు జరిగిందో అంచనా వేసే పద్ధతి కూడా వచ్చింది. ఉగాండాలోని రాకాయ్ ప్రాంతంలో అలా చేశారు. అయితే ఒక్కో జంట విషయంలో ఆ అంచనా తప్పొచ్చని, వేలమందిని కలిపి చూసినప్పుడే దానికి విలువ ఉంటుందని, ఇద్దరి మధ్య తగువు తీర్చడానికి వాడొద్దని ఆ పరిశోధకులే చెప్పారు.

ఆ డబ్బు, ఆ తిరుగుడు బిడ్డ కోసం పెట్టండి. మీ చెల్లెల్ని వెంటనే హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి తీసుకెళ్లండి, మందులు ఉచితం. మానకుండా వేసుకుని, కాన్పు నాటికి రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి దిగితే బిడ్డకు సోకే అవకాశం చాలా తగ్గిపోతుంది. పుట్టాక బిడ్డకు సిరప్ ఇస్తారు, ఆరు వారాలకు పరీక్ష చేస్తారు, ఆ తేదీ మాత్రం తప్పనివ్వకండి. మరిది కూడా అక్కడే పేరు నమోదు చేయించుకోవాలి. ఏ సందేహం వచ్చినా 1097కి ఫోన్ చేయొచ్చు, డబ్బు పడదు.

ప్రశ్న: ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పలేనప్పుడు ఈ జన్యు పరిశోధనలకు అంత ఖర్చెందుకు? వాటివల్ల ఎవరికి లాభం?
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: ఊరికి లాభం, సమాజానికి లాభం. ముందు మరణశిక్ష పడ్డ మనుషుల కథ చెబుతాను. 1998లో లిబియాలోని బెంఘాజీలో ఒక పిల్లల ఆసుపత్రిలో 400 మందికి పైగా పిల్లలకు హెచ్‌ఐవీ సోకినట్టు బయటపడింది. అక్కడ పనిచేస్తున్న ఐదుగురు బల్గేరియా నర్సులు, ఒక పాలస్తీనా డాక్టరు కావాలనే ఎక్కించారని కేసు పెట్టి మరణశిక్ష వేశారు. తులియో డి ఒలివేరా అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు ఆ పిల్లల్లోని వైరస్‌ల జన్యు పదార్థం తీసుకుని, అందులో పేరుకున్న మార్పుల్ని బట్టి వెనక్కి లెక్కకట్టారు. ఆ నర్సులు 1998 మార్చిలో లిబియాలో అడుగుపెట్టకముందే ఆ వైరస్ అక్కడ తిరుగుతోందని తేలింది. 2006 డిసెంబరులో ఇది నేచర్ పత్రికలో వచ్చింది. అదే నెలలో కోర్టు మళ్లీ మరణశిక్షే ఖరారు చేసింది కానీ అంతర్జాతీయంగా ఒత్తిడి పెరిగి 2007 జులైలో వాళ్లు విడుదలయ్యారు. ఇక్కడ జన్యుశాస్త్రం ఫలానావాడు దోషి అని చెప్పలేదు చూడండి, మోపిన నేరానికి కాలమే కుదరదని చూపించింది. ఈ శాస్త్రం గట్టిగా చెప్పగలిగేది ఇలాంటివే.

రెండోది మన పల్లెల్లో అందరూ వినాల్సిన విషయం. కంబోడియాలో బట్టంబాంగ్ ప్రాంతంలో రోకా అనే చోట 2014 డిసెంబరు నుంచి 2015 ఫిబ్రవరి చివరికల్లా 242 మందికి హెచ్‌ఐవీ ఉందని బయటపడింది, వాళ్లలో చిన్నపిల్లలు, ముసలివాళ్లు కూడా ఉన్నారు. వైరస్‌లను చదివితే చాలావరకు ఒకదానికొకటి అతి దగ్గరగా ఉన్నాయి, అంటే తక్కువ కాలంలో ఒకే మూలం నుంచి గబగబా పాకిందన్నమాట. లైసెన్సు లేకుండా ఇంటింటికీ వెళ్లి సూదులు వేసి సెలైన్లు ఎక్కించే వ్యక్తి సరిగా శుభ్రం చేయని సూదులు, సిరంజిలు వాడటమే దానికి కారణమని విచారణలో తేలింది. కొంచెం నీరసంగా ఉంటే చాలు, ఆర్‌ఎంపీని పిలిచి ఒక సెలైన్ పెట్టమనడం మన దగ్గరా మామూలే కదా, దయచేసి కొత్త సిరంజి కవరు మీ కళ్లముందే చింపమనండి, మాత్రతో తగ్గేదానికి అసలు సూదే వద్దనండి.

ఆ తులియో బృందమే దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నాటాల్‌లో ఇంకో పెద్ద పని చేసింది. అక్కడ టీనేజీ అమ్మాయిల్లో హెచ్‌ఐవీ విపరీతంగా ఉంది, వాళ్ల వయసు అబ్బాయిల్లో అంత లేదు. మరి అమ్మాయిలకు ఎక్కడి నుంచి వస్తోంది? వైరస్‌ల పోలికలు చూస్తే 25 ఏళ్లలోపు అమ్మాయిల వైరస్‌లు తమకంటే సగటున 8.7 ఏళ్లు పెద్దవాళ్లయిన మగవాళ్ల వైరస్‌లతో కలిశాయి. ఆ మగవాళ్లలో కొందరి వైరస్‌లు తమ ఈడు ఆడవాళ్ల వైరస్‌లతోనూ కలిశాయి. ఈ అమ్మాయిలు పెద్దయ్యాక తమ ఈడు మగవాళ్లతో కలిసినప్పుడు ఆ చక్రం మళ్లీ మొదలవుతోంది. అంటే అమ్మాయిలకు జాగ్రత్తలు చెప్పి ఊరుకుంటే సరిపోదు, పాతికేళ్లు దాటి పరీక్ష చేయించుకోని మగవాళ్లను వెతికి మందుల్లో పెట్టాలి. వైరస్ కనిపించని స్థాయికి దిగినవాళ్ల నుంచి లైంగికంగా ఇంకొకరికి సోకదు కాబట్టి ఆ చక్రం అక్కడే తెగుతుంది.

రాకాయ్ గురించి ఇందాక రాశాను కదా, అక్కడ విక్టోరియా సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఊళ్లలో హెచ్‌ఐవీ చాలా ఎక్కువ. చుట్టుపక్కలకు వాళ్లే అంటిస్తున్నారని అనుకునేవారు. లెక్క తేలాక చూస్తే ఆ ఊళ్ల నుంచి బయటికి పోయినదానికంటే బయటి నుంచి వాళ్లకు వచ్చినదే ఎక్కువ.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడ వైద్యం చేయించుకుంటున్న నా స్నేహితుడి వైరస్ వివరాలు అడగకుండానే ప్రభుత్వానికి వెళ్తాయంటున్నారు, నిజమేనా? వాడు టెన్షన్‌తో పరీక్షే మానేస్తానంటున్నాడు.
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: నిజమే. వైద్యం మొదట్లో ఏ మందు పనిచేస్తుందో చూడటానికి చేసే పరీక్షలోని జన్యు వివరాలే రాష్ట్ర ఆరోగ్య శాఖకు వెళ్తాయి, అక్కడి నుంచి పేరు తీసేసి సీడీసీకి, అంటే అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థకు పంపుతారు. 2018 నుంచి అన్ని రాష్ట్రాలూ ఈ పని చేయాలని సీడీసీ షరతు పెట్టింది. ఒక గుంపులో కేసులు హఠాత్తుగా పెరిగితే త్వరగా పసిగట్టి అక్కడ సాయం పెంచడమే ఉద్దేశం, అది మంచిదే. కానీ దీనికి రోగిని విడిగా అడగరు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లను శిక్షించే చట్టాలు అక్కడ చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి కాబట్టి భయపడటంలో తప్పు లేదు. 2022లో అధ్యక్షుడి హెచ్‌ఐవీ సలహా మండలి కూడా ఈ పద్ధతి మార్చాలని కోరింది. నా ఉద్దేశంలో అడిగి తీసుకోవడమే న్యాయం. మన దేశంలో 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మనిషి సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, వివరాలు బయటపెట్టకూడదు.

మీ స్నేహితుణ్ని మాత్రం ఆ పరీక్ష మాననివ్వకండి. అది లేకుండా మందు మొదలుపెడితే తన ఒంట్లోని వైరస్ మీద పనిచేయని మందు పడొచ్చు. నా రిపోర్టు ఎవరెవరు చూస్తారు, కోర్టుకు ఇస్తారా, ఈ రాష్ట్రంలో రూలేంటి అని డాక్టర్ని సూటిగా అడిగి తెలుసుకోమనండి.